లాక్యర్: 1వ నంబరు నుంచి 6వ నంబరుకి మారితే మైదానంలో ఏం మారింది?

ఐదో_ట్యాకిల్ | పోస్ట్ 1

"ఎక్కడ వేసినా ఆడే ఆటగాడు" చర్చలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు డారెన్ లాక్యర్ పేరు రాగానే సగం మంది హారతులు పట్టారు, సగం మంది తిట్లు లంకించుకున్నారు. అసలు సంగతి మాత్రం తేలలేదు. అందుకే ఈ చర్చ విడిగా పెడుతున్నా.

నా ప్రశ్న సూటిగా ఇదీ. 2003లో ప్రపంచ మేటి ఆటగాడికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్న ఫుల్‌బ్యాక్ (అందరికీ వెనక నిలబడే 1వ నంబరు) అతను. ఆ మరుసటి ఏడాదే, 27 ఏళ్ళ వయసులో, అతని క్లబ్బు బ్రిస్బేన్ బ్రాంకోస్ అతన్ని ఫైవ్-ఎయిత్‌గా (ఎటాక్‌ని నడిపే 6వ నంబరు) మార్చింది. 2006లో అదే బూట్ మళ్ళీ అతనికే వచ్చింది, ఈసారి కొత్త స్థానంలో. రెండు స్థానాల్లో ఆ పురస్కారం గెలిచిన మొదటివాడు అతనే. బాగా నడుస్తున్న బండికి చక్రాలెందుకు మార్చారు? మార్చాక అతను నేర్చుకున్నదేమిటి, పోగొట్టుకున్నదేమిటి?

గొప్పవాడా కాదా అనే గొడవ ఇక్కడ వద్దు. రగ్బీ యూనియన్‌ని కూడా లాగొద్దు. ఇది 13 మంది ఆడే లీగ్.

లెక్కల_మాస్టారు | పోస్ట్ 2

ముందు లెక్కలు పెట్టేస్తాను, తర్వాత ఎవరూ తడుముకోనక్కర్లేదు.

పుట్టింది 1977 మార్చి 24న. బ్రాంకోస్‌కి తొలి మ్యాచ్ 1995లో. మొదట బెంచి మీద నుంచి వచ్చేవాడు, తర్వాత ఫుల్‌బ్యాక్‌గా కుదురుకున్నాడు. టైటిళ్ళు నాలుగు: 1997 (విడిగా నడిచిన సూపర్ లీగ్ పోటీ), 1998, 2000, 2006. అందులో 2000 ఫైనల్లో రూస్టర్స్ మీద 14-6తో గెలిచినప్పుడు మ్యాచ్ మేటికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ ఇతనిదే. క్లబ్బు మ్యాచ్‌లు 355, అన్నీ ఒకే క్లబ్బుకి. టెరీ లామ్, స్టీవ్ మెన్జీస్‌ల 349 రికార్డును దాటాడు, దాన్ని మళ్ళీ 2017లో కామెరాన్ స్మిత్ దాటాడు. క్వీన్స్‌లాండ్‌కి స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (ఏటా న్యూ సౌత్ వేల్స్‌తో ఆడే మూడు మ్యాచ్‌ల సిరీస్) మ్యాచ్‌లు 36. ఆస్ట్రేలియాకి టెస్టులు 59, అందులో 38 కెప్టెన్‌గా. టెస్టు ట్రైలు (ఎదుటివాళ్ళ గీత అవతల బంతిని నేలకి ఆనించడమే ట్రై) 35.

మార్పుకి కారణం దగ్గరికొస్తే, కోచ్ వేన్ బెనెట్‌కి ఏదో దివ్యదర్శనం అయిందనుకోకండి. సరుకు అయిపోయింది, అంతే. బ్రాంకోస్‌ని ఏళ్ళ తరబడి నడిపిన హాఫ్‌ల (6, 7 నంబర్ల) జోడీలో కెవిన్ వాల్టర్స్ 2001తో, అలన్ లాంగర్ 2002తో ఆట మానేశారు. ఆటని నడిపే కుర్చీ ఖాళీ అయింది. సరిగ్గా ఆ సమయానికి, 2004లో, కార్మైకేల్ హంట్ అనే 17 ఏళ్ళ కుర్రాడు బడి నుంచి నేరుగా ఫుల్‌బ్యాక్‌గా దిగాడు. ఆ ఏడాది కొత్త ఆటగాడి పురస్కారం కూడా కొట్టేశాడు. వెనక కాపలాకి మనిషి దొరికాడు, ముందు వంటవాడు లేడు. ఇంట్లో ఉన్న మంచి చెయ్యిని పొయ్యి దగ్గరికి తెచ్చారు.

పొద్దెరగని_కొత్తోడు | పోస్ట్ 3

మాస్టారూ, నాలాంటి కబడ్డీ బ్యాచ్ కోసం ఈ 1, 6 అంటే ఏమిటో ఒకసారి చెప్పండి. క్రికెట్‌లో జెర్సీ నంబరుకి అర్థం ఉండదు కదా.

కూత_ఆగదు | పోస్ట్ 4

లీగ్‌లో నంబరే ఉద్యోగం తమ్ముడూ. 1 ఫుల్‌బ్యాక్. 2, 5 వింగర్లు. 3, 4 సెంటర్లు. 6 ఫైవ్-ఎయిత్, 7 హాఫ్‌బ్యాక్. 8, 10 ప్రాప్‌లు. 9 హుకర్. 11, 12 సెకండ్ రో. 13 లాక్. 14 నుంచి పైవి బెంచి. ఇంగ్లండ్‌లో 6ని స్టాండ్-ఆఫ్ అనీ, 13ని లూజ్ ఫార్వర్డ్ అనీ అంటారు. పాత మ్యాచ్‌ల గురించి చదివేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఆట తీరు కబడ్డీ వచ్చినవాడికి ఇట్టే ఎక్కుతుంది. బంతి ఉన్న జట్టుకి ఆరు పట్లు. పట్టిన ప్రతిసారీ బంతిని కాలి కింద నుంచి వెనక్కి దొర్లిస్తారు, దాన్ని ప్లే-ది-బాల్ అంటారు. ఎదుటి జట్టు 10 మీటర్లు వెనక్కి పోవాలి, ఇద్దరు మార్కర్లు మాత్రం ఎదురుగా నిలబడొచ్చు. ఆరో పట్టుకి బంతి అప్పగించాలి కాబట్టి అయిదో పట్టు తర్వాత ఎక్కువగా తన్నేస్తారు. ట్రైకి 4, ఆ తర్వాతి కన్వర్షన్‌కి 2, పెనాల్టీ గోల్‌కి 2, ఆట మధ్యలో డ్రాప్ కిక్‌తో కొట్టే ఫీల్డ్ గోల్‌కి లాక్యర్ రోజుల్లో 1 పాయింటు.

1, 6, 7, 9... ఈ నలుగురినీ కలిపి స్పైన్ అంటారు, అంటే వెన్నెముక. బంతి ఎటు పోవాలో తేల్చేది వీళ్ళే. లాక్యర్ మారింది ఈ నలుగురిలోనే. ప్రాప్ నుంచి వింగర్ అయినట్టు కాదు.

చివరి_గోడ | పోస్ట్ 5

స్పైన్ లోపలే మారాడు కదా అని తేలిగ్గా తీసేయకండి. ఫుల్‌బ్యాక్ చేసే పనులు ఇవీ:

బాంబ్ పట్టడం. ఎత్తుగా లేచిన బంతి కిందికి చేరి, పక్కవాటుగా తిరిగి, ఒక కాలు మీద లేచి, రెండో మోకాలు ముందుకు పెట్టి, మోచేతులు దగ్గరగా ఉంచి ఛాతీ దగ్గర అందుకోవాలి. పక్కవాటుగా ఎందుకంటే చేజారినా బంతి వెనక్కి పడుతుంది, నాక్-ఆన్ అవదు. ఎదురు తిరిగి నిలబడి వదిలేస్తే ముందుకే పడుతుంది, బంతి ఎదుటివాళ్ళ పాలు. సొంత ఇన్-గోల్‌లో (గోల్ గీత వెనక జాగాలో) బంతిని నేల తాకకుండా పట్టేస్తే 20 మీటర్ల గీత నుంచి మనమే మొదలెడతాం. అదే దొర్లే బంతిని ఇన్-గోల్‌లో ఎత్తుకుని అక్కడే దొరికిపోతే గోల్-లైన్ డ్రాప్-అవుట్ కొట్టి బంతిని వాళ్ళకే అప్పగించాలి. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక్క అడుగు.

రెండో పని కేకలు. డిఫెన్స్ లైన్ వెనక నిలబడి రక్‌కి (ప్లే-ది-బాల్ జరిగే చోటుకి) ఎడమ పక్క ఎంతమంది, కుడి పక్క ఎంతమంది అని లెక్కపెట్టి మనుషుల్ని జరపాలి. టీవీలో ఇది కనిపించదు. కెమెరా బంతి వెంట పోతుంది. స్టేడియంలో చూస్తే ఫుల్‌బ్యాక్ నోరు ఒక్క క్షణం ఊరుకోదు.

మూడోది ఎటాక్‌లో అదనపు మనిషిగా చేరడం. హుకర్ నుంచి హాఫ్‌కి బంతి వస్తుంది, సెకండ్ రోవర్ ఒకడు డెకాయ్‌గా (బంతి అందుకోకుండా ఎరగా) దగ్గరగా దూసుకొస్తాడు, వాడి వెనక నుంచి ఫుల్‌బ్యాక్ చాపం లాగా బయటికి తిరిగి అందుకుంటాడు. ఇక్కడ రెండు తప్పులు సహజం. ముందుగా బయల్దేరితే పాస్ వచ్చేసరికి నిలబడిపోతాడు, వేగం పోతుంది. డెకాయ్‌కి లోపలి వైపున బంతి అందుకుని వాడి చాటు నుంచి దాటితే అబ్‌స్ట్రక్షన్ పెనాల్టీ.

ఈ మూడింటిలోనూ ఒకే సుఖం ఉంది. ఆట నీ కళ్ళముందు పరుచుకుని ఉంటుంది. కిక్ పట్టాక కూడా 15, 20 మీటర్లు పరుగు అందుకునే జాగా దొరుకుతుంది. లాక్యర్ ఆట మొత్తం ఆ జాగా మీదే కట్టుకున్నది. నిటారుగా, రెండు చేతుల్లో బంతి పట్టుకుని, ఎక్కడ సందు తెరుచుకుంటుందో చూసుకుంటూ జారిపోయేవాడు. రెండు చేతుల్లో బంతి ఉంటే పాస్ ఎటు పోతుందో డిఫెండర్‌కి తెలియదు. సంకలో పెట్టుకుంటే ఇక పాస్ లేదని తెలిసిపోతుంది.

మూడో_మనిషి | పోస్ట్ 6

గోడ గారు చెప్పిన ఆ జాగాయే 6వ నంబరుకి ఉండదు. రెండు లైన్ల మధ్య 10 మీటర్లు, ఇద్దరూ ఎదురెదురుగా పరుగెడుతున్నారు. బంతి చేతికొచ్చాక చూద్దాంలే అంటే భుజం వచ్చి తగులుతుంది. నిర్ణయం బంతి రాకముందే సగం అయిపోవాలి.

అయినా ఎటాక్ కంటే ఎక్కువ కష్టం డిఫెన్స్‌లో. టచ్‌లైన్ నుంచి లోపలికి లెక్కపెట్టండి: వింగర్ ఒకటి, సెంటర్ రెండు, హాఫ్ మూడు, సెకండ్ రోవర్ నాలుగు. ఆ మూడో స్థానం ఫైవ్-ఎయిత్‌ది. ఎదుటి జట్టు పెద్ద సెకండ్ రోవర్‌ని పదే పదే తోలేది సరిగ్గా అతని మీదికే. ఉద్దేశం ఎప్పుడూ ట్రై కొట్టడం కాదు. 60వ నిమిషానికి అతని కాళ్ళు బరువెక్కితే అతని కిక్‌లు పొట్టిగా పడతాయి, ఎటాక్‌లో ఆలస్యంగా వచ్చి నిలబడతాడు. ట్యాకిల్ చేయించి చేయించి ఎదుటివాడి బుర్రని అలసగొట్టడమన్నమాట.

కొత్తగా వచ్చిన ఫుల్‌బ్యాక్ ఇక్కడ చేసే తప్పు ఒకటే. అతనికి అలవాటైన ట్యాకిల్ వెనక నుంచి, పక్క నుంచి, ఒంటరిగా, తప్పించుకు వచ్చినవాడిని గీత దగ్గర అడ్డుకోవడం. అక్కడ ఆగి, ఎదుటివాడు ఏం చేస్తాడో చూసి పడాలి. లైన్‌లో అలా ఆగితే పక్కవాళ్ళు ముందుకెళ్ళిపోతారు, నువ్వున్న చోట గుంట పడుతుంది. దాన్ని డాగ్-లెగ్ అంటారు. సెకండ్ రోవర్ ఆ గుంటలోకే వస్తాడు. దీనికి భయపడి లోపలికి ముడుచుకుంటే బయట సెంటర్ ఒక్కడే ఇద్దరికి జవాబు చెప్పాలి.

నేర్పేది ఈ వరసలో: పక్కవాళ్ళ భుజాలతో సమంగా ముందుకు కదలడం, లోపలి మనిషిని ముందు చూసుకోవడం, అప్పుడు ఎదుటివాడి లోపలి తుంటి మీద భుజం, బుగ్గ అతని ఒంటికి ఆనించి, కాళ్ళు ఆపకుండా తొయ్యడం. తల ముందుకి, అడ్డంగా పెడితే కన్‌కషన్. 100 కిలోల పైబడిన మనిషిని ఒంటరిగా పడెయ్యడం అతని పని కాదు. కాళ్ళు పట్టి వేగం తుంచితే చాలు, పక్క నుంచి నాలుగోవాడు వచ్చి పూర్తి చేస్తాడు.

పొద్దెరగని_కొత్తోడు | పోస్ట్ 7

అంటే కబడ్డీలో రైడర్‌ని తీసుకొచ్చి కార్నర్‌లో నిలబెట్టినట్టా?

కూత_ఆగదు | పోస్ట్ 8

దగ్గరగానే ఉంది. కాకపోతే రైడర్‌గా మానేయనివ్వరు. అది కూడా చెయ్యాలి, ఇది కూడా చెయ్యాలి.

ఐదో_ట్యాకిల్ | పోస్ట్ 9

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాం. మూడో_మనిషి చెప్పిన స్థానం ఎందుకు ముఖ్యమో ఒక్క ఆట చెబుతుంది. 2006 జూలై 5, మెల్‌బోర్న్, ఆరిజిన్ మూడో మ్యాచ్. సిరీస్ 1-1. ఇంకొన్ని నిమిషాలే మిగిలాయి, న్యూ సౌత్ వేల్స్ 14-10తో ముందుంది. తమ గీత దగ్గర నుంచి బయటికి వస్తున్న దశలో బ్రెట్ హాడ్జ్‌సన్ డమ్మీ-హాఫ్ (రక్ వెనక బంతి ఎత్తుకునే చోటు) నుంచి వేసిన పాస్ గురి తప్పింది. లాక్యర్ బంతి ఎత్తుకుని గీత దాటేశాడు. క్వీన్స్‌లాండ్ 7వ నంబరు జోనాథన్ థర్స్టన్ కన్వర్షన్‌తో 16-14. క్వీన్స్‌లాండ్ వరుసగా గెలిచిన ఎనిమిది సిరీస్‌లకి (2006-2013) మొదటి మెట్టు అదే.

ఆ ట్రైని అందరూ అదృష్టం అంటారు. ఒక్కటి ఆలోచించండి. ఎదుటి జట్టు తమ గీత దగ్గర ఉన్నప్పుడు మన ఫుల్‌బ్యాక్ కిక్ కోసం చాలా వెనక నిలబడి ఉంటాడు. లాక్యర్ 1వ నంబరులో ఉండుంటే ఆ బంతి దరిదాపుల్లో ఉండేవాడే కాదు. 6వ నంబరు కాబట్టి లైన్‌తో పాటు ముందుకొస్తున్నాడు. పాస్ గాల్లో ఉండగానే దారి పసిగట్టాడు.

చివరి_గోడ | పోస్ట్ 10

ఒప్పుకుంటా. అయితే అదే ఏడాది నవంబర్ 25న ట్రై-నేషన్స్ ఫైనల్ కూడా చూడండి. సిడ్నీలో న్యూజిలాండ్‌తో 12-12, గోల్డెన్ పాయింట్ (అదనపు సమయంలో ముందు స్కోరు చేసినవాళ్ళదే గెలుపు). థర్స్టన్ లైన్ చీల్చుకుని పరుగెత్తాడు, లోపల వెంట పడి వచ్చి పాస్ అందుకుని ట్రై కొట్టింది లాక్యర్. 16-12. 80 నిమిషాలు దాటాక బంతి చీలిన చోటికి పరుగెత్తడం పచ్చి ఫుల్‌బ్యాక్ బుద్ధి. ఆ సమయంలో చాలామంది ఫైవ్-ఎయిత్‌లు ఫీల్డ్ గోల్ కోసం వెనకే నిలబడి చూస్తుంటారు.

నా మాట ఏమిటంటే, అతను ఒక స్థానం వదిలి ఇంకోదానికి పోలేదు. పాతది వెంట తీసుకెళ్ళాడు.

బెంచ్_పద్నాలుగు | పోస్ట్ 11

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఇతన్ని "ఎక్కడైనా ఆడేవాడు" అనడమే నాకు మింగుడు పడదు. కెరీర్‌లో ఒక్కసారి మారి, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవాడు యుటిలిటీ ఎలా అవుతాడు? అసలు యుటిలిటీని చూడాలంటే అదే 2006 బ్రాంకోస్ జట్టులోనే ఉన్నాడు. షాన్ బెరిగన్. సెంటర్‌లో ఆడాడు, హాఫ్‌లలో ఆడాడు, 2006 గ్రాండ్ ఫైనల్లో హుకర్‌గా ఆడి క్లైవ్ చర్చిల్ మెడల్ పట్టుకెళ్ళాడు. అదే ఫైనల్లో జస్టిన్ హాడ్జెస్ సెంటర్ కాదు, ఫుల్‌బ్యాక్. పొగడ్తలన్నీ లాక్యర్‌కి, చాకిరీ ఇలాంటివాళ్ళకి.

న్యూకాసిల్ కర్ట్ గిడ్లీ: ఫుల్‌బ్యాక్, రెండు హాఫ్ స్థానాలు, హుకర్. 2001 నుంచి 2015 దాకా ఒకే క్లబ్బు, తర్వాత వారింగ్టన్. క్రెయిగ్ వింగ్: హాఫ్‌లు, హుకర్, లాక్. చివరికి జపాన్ వెళ్ళి రగ్బీ యూనియన్ ఆడి 2015 ప్రపంచ కప్ జట్టులో చోటు సంపాదించాడు.

14వ నంబరు పని ఎలా ఉంటుందో చెబుతా. అప్పట్లో 17 మందిలో నలుగురు బెంచి. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఒక యుటిలిటీ, ఇది మామూలు అమరిక. 2001లో ఒక మ్యాచ్‌లో చేసే ఆటగాళ్ళ మార్పిడులు 12కి కుదించారు, 2008లో 10, 2016లో 8. తగ్గే కొద్దీ 14 విలువ పెరిగింది. మామూలు రోజున అతనికి హుకర్‌గా ఓ 20 నిమిషాలు దొరుకుతాయి, డిఫెన్స్ అలసిన వేళ రక్ పక్క నుంచి పరుగెత్తడానికి. అనుకోని రోజున అయిదో నిమిషంలో సెంటర్ మోకాలు పట్టుకుని కూర్చుంటాడు, అప్పుడు 75 నిమిషాలు అక్కడే. ఇతను చల్లటి ఒంటితో దిగి, మూడు రకాల డిఫెన్స్ కాల్స్‌లో ఏది నడుస్తోందో దిగగానే తెలుసుకోవాలి.

పోయేదెక్కడో కూడా చెప్పాలి. యుటిలిటీకి నిలకడైన చోటు దొరకదు. వారమంతా సాధన ఒక స్థానంలో, శనివారం ఆట ఇంకో స్థానంలో. ఏ స్థానానికైనా రెండో ఎంపికగా చూస్తారు. కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు దాన్నే చూపించి బేరమాడతారు.

ఐదో_ట్యాకిల్ | పోస్ట్ 12

బెంచ్ గారి వాదనలో పస ఉంది. రెండు రకాలు వేరు చేద్దాం. ఒకడు వారానికో చోట ఆడగలవాడు. ఇంకొకడు పాత కొలువు వదిలి కొత్తదాంట్లో మొదటి వరసకి చేరినవాడు. రెండోది కష్టమని నా అభిప్రాయం. ఎందుకంటే యుటిలిటీ నుంచి ఎవరూ జట్టుని నడిపించమని అడగరు. లాక్యర్‌ని అడిగారు.

వైగన్_వీరాభిమాని | పోస్ట్ 13

రెండు రకాలూ ఒకే మనిషిలో చూడాలంటే ఇంగ్లండ్ రావాలి. ఎలరీ హ్యాన్లీ. వింగ్, సెంటర్, స్టాండ్-ఆఫ్, చివరికి లూజ్ ఫార్వర్డ్. బ్రాడ్‌ఫర్డ్ నార్దర్న్‌లో 1984-85లో 55 ట్రైలు. 1985లో వైగన్‌కి వచ్చాక 1986-87లో 63. అక్కడ ఏడాది మేటి ఆటగాడికిచ్చే మ్యాన్ ఆఫ్ స్టీల్ మూడుసార్లు: 1985, 1987, 1989. 1988లో సిడ్నీలో ఆస్ట్రేలియాని 26-12తో ఓడించిన గ్రేట్ బ్రిటన్‌కి కెప్టెన్. ఆఖర్లో లీడ్స్‌కి ఆడుతూ 1994-95లో 41 ట్రైలు కొట్టాడు. అది ఒక సీజన్‌లో ఫార్వర్డ్ కొట్టిన ట్రైలలో రికార్డు.

లాక్యర్ వెనక నుంచి ముందుకొచ్చాడు, సరే. హ్యాన్లీ అంచు నుంచి నడిమధ్యకి వచ్చి, అక్కడ బరువైన ట్యాకిళ్ళన్నీ చేస్తూ కూడా వింగర్ లెక్కన ట్రైలు కొట్టాడు. దానికి జోడీ చూపించండి.

లెక్కల_మాస్టారు | పోస్ట్ 14

హ్యాన్లీ మీద చెయ్యెత్తే ధైర్యం నాకు లేదు. కాలం తేడా మాత్రం చూడాలి. అప్పట్లో డిఫెన్స్ 5 మీటర్లే వెనక్కి వెళ్ళేది, 10 మీటర్ల నిబంధన తొంభైలలో వచ్చింది. ఫార్వర్డ్ ఆట స్వభావమే వేరు.

ఇప్పటి ఉదాహరణలు చూస్తే మార్పు ఎందుకు ఫలిస్తుందో, ఎందుకు బెడిసికొడుతుందో తెలుస్తుంది. కామెరాన్ మన్‌స్టర్ అచ్చం లాక్యర్ దారే. 2016లో బిల్లీ స్లేటర్ భుజం గాయంతో లేనప్పుడు మెల్‌బోర్న్‌కి ఫుల్‌బ్యాక్. 2017లో స్లేటర్ తిరిగొచ్చాక ఫైవ్-ఎయిత్. అక్కడే పాతుకుపోయి 2020 ఆరిజిన్ సిరీస్ మేటి అయ్యాడు.

కేలిన్ పోంగా అటువైపు ఉదాహరణ. న్యూకాసిల్ 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి సీజన్ మొదట్లో 6లో దించింది. రెండుసార్లూ వెనక్కి పంపింది. 2023లో మొదట్లోనే కన్‌కషన్‌తో దూరమయ్యాడు. తిరిగొచ్చాక ఫుల్‌బ్యాక్‌లో పెడితే ఆ ఏడాది మేటి ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ మెడల్ గెలిచాడు. ఆటగాడిలో లోపం ఏముంది చెప్పండి. తప్పంతా చోటుదే.

మాథ్యూ బర్టన్ 2021లో పెన్రిత్‌కి సెంటర్‌గా ఆడి టైటిల్ గెలిచాడు, మరుసటి ఏడాది బుల్‌డాగ్స్‌కి వెళ్ళి ఫైవ్-ఎయిత్. ఐజాయా యో సెంటర్, సెకండ్ రో మీదుగా లాక్‌కి చేరి ఇప్పుడు పాస్‌లు వేసే 13కి నమూనా అయ్యాడు.

మూడో_మనిషి | పోస్ట్ 15

పోంగా విషయంలో మాస్టారి మాటకి ఒక చిన్న చేర్పు. పోంగా ఎత్తుగడ అంతా ఆఖరి క్షణంలో పక్కకి వేసే అడుగు. దానికి కనీసం ఒక డిఫెండర్ ఒంటరిగా కనిపించాలి. వెనక నుంచి ఆలస్యంగా వచ్చి చేరితే ఆ ఒంటరివాడిని తనే ఎంచుకోవచ్చు. 6లో నిలబడితే డిఫెన్స్ అతన్ని ముందే చూసి ఇద్దరిని పెట్టుకుంటుంది. లాక్యర్‌ది అడుగు మీద నడిచే ఆట కాదు. పాస్ బెదిరింపు, పరుగు బెదిరింపు రెండూ ఒకేసారి పెట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిగే ఆట. అది ఇరుకులో కూడా పనిచేస్తుంది. ఎవరిని మార్చొచ్చో తెలియాలంటే కోచ్ మొదట చూడాల్సింది ఇదే. వేగం, బరువు తర్వాత.

ఐదో_ట్యాకిల్ | పోస్ట్ 16

కిక్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? ఫుల్‌బ్యాక్‌గా ఉన్నప్పుడే అతని కాలు నిలకడైనది. 1998లో తొలి ఆరిజిన్ మ్యాచ్‌లోనే, సిడ్నీలో, ఆఖరి నిమిషంలో టోనీ క్యారొల్ ట్రై మీద కన్వర్షన్ కొట్టి 24-23తో గెలిపించాడు. కానీ అది నిలబెట్టిన బంతి, ఎవరూ మీదికి రారు. 6లో కొట్టే కిక్‌లన్నీ మార్కర్లు మీద పడుతుండగా కొట్టేవి.

ఫీల్డ్ గోల్ తీసుకోండి. నాలుగో పట్టు లోపల బంతిని గోల్‌పోస్టుల ఎదుటికి, 25-30 మీటర్ల దూరానికి తేవాలి. అంచున పట్టుబడితే కోణం పోతుంది. కొట్టేవాడు రక్ వెనక 10 మీటర్లకి పైగా దిగాలి. హుకర్ పాస్ నడుము ఎత్తులో రావాలి. కాళ్ళ దగ్గరకొస్తే వంగి లేచేలోపు మార్కర్ వచ్చేస్తాడు. బంతిని కాస్త వెనక్కి వాల్చి, మొన కింద తగిలేలా వదలాలి. నేల తాకిన క్షణంలోనే పాదం తగలాలి. తాకకముందే తగిలితే అది ఫీల్డ్ గోల్ కింద లెక్క కాదు. ఆలస్యమైతే బంతి కిందుగా పోయి ఛాతీలకి తగులుతుంది. తెలివైన జట్లు దీన్ని అయిదో పట్టు తర్వాత కాక నాలుగో పట్టు తర్వాతే కొడతాయి. పాస్ చెడితే బంతిని దాచుకుని ఇంకోసారి ప్రయత్నించొచ్చు.

2006 గ్రాండ్ ఫైనల్లో లాక్యర్ కొట్టినది అందుకే పాఠం. అప్పటికి 14-8. ఆరు పాయింట్ల తేడా అంటే మెల్‌బోర్న్‌కి ఒక కన్వర్టెడ్ ట్రై చాలు, సమం. ఒక్క పాయింటుతో 15-8 అయింది, తేడా ఏడు. ఇక వాళ్ళు రెండుసార్లు స్కోరు చెయ్యాలి. ఆట అక్కడ అయిపోయింది.

చివరి_గోడ | పోస్ట్ 17

2011 సెప్టెంబర్ 17 కూడా చేర్చండి. సెయింట్ జార్జ్ ఇల్లవారాతో సెమీ, గోల్డెన్ పాయింట్, 13-12. సొంత జట్టువాడు జెరార్డ్ బీల్ మోకాలు తగిలి చెంప ఎముక విరిగాక కొట్టిన ఫీల్డ్ గోల్ అది. మరుసటి వారం మ్యాన్లీతో ఆడలేకపోయాడు, బ్రాంకోస్ ఓడింది. క్లబ్బుకి అతని చివరి ఆట ఆ సెమీయే.

బెంచ్_పద్నాలుగు | పోస్ట్ 18

సరే, పోగొట్టుకున్నదేమిటో ఎవరూ చెప్పలేదు. నేనే చెబుతా. పరుగు. 2004కి ముందు కిక్ రిటర్న్‌లో అతను తెచ్చే మీటర్లు ఆ తర్వాత లేవు, ఉండటానికి వీల్లేదు. ముందు వరసలోకి వస్తే దెబ్బలూ పెరుగుతాయి. 2007లో మోకాలి లిగమెంట్ తెగి సీజన్ మధ్యలో ఆగిపోయింది. 2008 ఆరిజిన్ సిరీస్ మొత్తం పోయింది. మోకాలి గాయం ఏ స్థానంలోనైనా రావొచ్చు, అది 6 తప్పు అని చెప్పను. తిరిగొచ్చాక ఆడిన తీరు మాత్రం మారింది. పరుగు తగ్గింది, బంతిని ముందుగా వదలడం పెరిగింది, ఎక్కువ సార్లు దూరపు పాస్.

అయినా ఆ 2008లోనే ప్రపంచ కప్ ఫైనల్లో, బ్రిస్బేన్‌లో, న్యూజిలాండ్ చేతిలో 34-20తో ఓడిన రోజు రెండు ట్రైలు అతనివే. ఇది చెప్పకపోతే అన్యాయం.

లెక్కల_మాస్టారు | పోస్ట్ 19

బెంచ్ గారి నోట అన్యాయం అనే మాట విన్నాం, ఇవాళ వాన పడుతుంది.

ఇంకో కోణం. 6లోకి రావడం వల్ల అతని కెరీర్ పొడవు పెరిగిందని నా నమ్మకం. క్వీన్స్‌లాండ్, ఆస్ట్రేలియా జట్లలో ఫుల్‌బ్యాక్‌గా స్లేటర్ వచ్చేశాడు. లాక్యర్ 1లోనే ఉండిపోయుంటే ముప్పై దాటాక వేగం తగ్గుతూ స్లేటర్‌తో పోటీ పడాల్సి వచ్చేది. బదులుగా 6 లాక్యర్, 7 థర్స్టన్, 9 స్మిత్, 1 స్లేటర్ అనే వెన్నెముక తయారైంది. 34 ఏళ్ళ వయసులో 2011 జూలై 6న 34-24తో సిరీస్ గెలిచి ఆరిజిన్ వదిలాడు. నవంబర్‌లో లీడ్స్ ఎలాండ్ రోడ్‌లో ఇంగ్లండ్ మీద 30-8తో ఫోర్ నేషన్స్ గెలిచి ఆట వదిలాడు. ఆఖరి తాపు పోస్టుల ఎదుట కన్వర్షన్, అది గురి తప్పింది. జట్టువాళ్ళు పగలబడి నవ్వారు.

పొద్దెరగని_కొత్తోడు | పోస్ట్ 20

పాత మ్యాచ్‌లు చూడాలంటే ఏ వరసలో చూడాలి? ప్రత్యక్ష ప్రసారం అయితే ఆరిజిన్ మనకి మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో వస్తుందని తెలుసు, బ్రిస్బేన్ మనకన్నా నాలుగున్నర గంటలు ముందు. పాతవి చెప్పండి.

మూడో_మనిషి | పోస్ట్ 21

మూడు చాలు. 2000 గ్రాండ్ ఫైనల్, 2004 ట్రై-నేషన్స్ ఫైనల్ (ఎలాండ్ రోడ్‌లోనే, గ్రేట్ బ్రిటన్ మీద 44-4, 6కి మారిన మొదటి ఏడాది), 2006 ఆరిజిన్ మూడోది. బంతిని చూడకు. ప్రతి ప్లే-ది-బాల్ దగ్గరా ఆపి, లాక్యర్ రక్‌కి ఎంత దూరంలో, ఎంత లోతులో నిలబడ్డాడో కాగితం మీద గుర్తు పెట్టుకో. 2000లో ఆ చుక్కలు మైదానం వెడల్పంతా పరుచుకుంటాయి. 2004లో ఎక్కడ గుంపు కడతాయో నువ్వే చూసి ఇక్కడ రాయి.

పొద్దెరగని_కొత్తోడు | పోస్ట్ 22

2000 ఫైనల్ మొదటి సగం అయింది. ఒక సందేహం. ఎదుటి జట్టు మూడో పట్టు దాటగానే అతను ఇంకా వెనక్కి జరుగుతున్నాడు, కిక్ ఇంకా రాలేదు. ఇది నేను సరిగ్గానే చూస్తున్నానా?

చివరి_గోడ | పోస్ట్ 23

సరిగ్గానే చూస్తున్నావు. కిక్ కొట్టేవాడు రక్ వెనక లోతుగా దిగడం కనిపించగానే ఫుల్‌బ్యాక్ కూడా దిగుతాడు. ఇప్పుడు అదే సమయంలో వింగర్లని చూడు. వాళ్ళలో ఒకడు అతనితో పాటే వెనక్కి వస్తాడు. ఎటువైపు వింగర్ వస్తున్నాడో గమనిస్తే కిక్ ఎటు పడుతుందని వాళ్ళు అనుకుంటున్నారో తెలిసిపోతుంది.